గీత దాటిన బీట

"పదిహేడో నంబరు ఎవరు?" అని ఇంజనీరు మూడోసారి అడిగాడు.

భోజనాల బల్ల మీద అతని భార్య ఫోను ఇద్దరి మధ్యా ఉంది. ఫోనులో ఒక గోడ ఫొటో. తెల్లటి గోడ మీద వంకరగా దిగిన బీట, బీట కొసన అడ్డంగా పెన్సిలు గీత, గీత పక్కన చిన్న అక్షరాలతో తేదీ. ఇప్పుడు బీట ఆ గీతను దాటి బెత్తెడు కిందికి వచ్చింది.

ఆదివారం పొద్దున తొమ్మిదయింది. అత్తగారు కంచాలు తెచ్చి, కొడుకు మొహం చూసి, మళ్ళీ లోపలికి తీసుకుపోయింది. మామగారు కిటికీ దగ్గర కుర్చీలో వీధికేసి చూస్తున్నాడు. నలభై ఏళ్ళు తాపీ పట్టి కొడుకును ఇంజనీరు చదివించిన మనిషి. పని మానేసి ఆరేళ్ళయినా ఆ వీధిలో అందరికీ ఆయన మేస్త్రీయే.

రాత్రి స్కూలు ప్రిన్సిపాల్ ఇంజనీరుకు ఫోను చేసి రెండే కోరికలు కోరాడట. ఆ ఫొటో పంపిన పిల్ల పేరు చెప్పాలి. టీచరమ్మ, అంటే ఇంజనీరు భార్య, నడిపే మెసేజీల గ్రూపు మూసెయ్యాలి. పిల్లను, తల్లిదండ్రులను పిలిపించి, సరదాకు చేశానని ఒక ఉత్తరం రాయించుకుంటే గొడవ అక్కడితో తీరిపోతుందట.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు. ముందు నాకు చెప్పాలి కదా."

"చెప్పాను. మంగళవారం సాయంత్రం. మీరు బూట్లు విప్పుతూ, ప్లాస్టరు బీట, ప్రతి గోడకూ ఉంటుంది అన్నారు."

ఇంజనీరు ఫోనును పక్కకు జరిపాడు. ఆమె చెప్పింది నిజమే.

ఈ గొడవకంతా మొదలు చాలా చిన్న పని. తొమ్మిదో తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు. టీచర్ ఏం అడిగినా ఎప్పుడూ ఆ ఐదుగురే చేతులెత్తేవాళ్ళు. మిగతా వాళ్ళు పుస్తకాల చాటున తల దాచుకునేవాళ్ళు. స్టాఫ్ రూములో వాళ్ళకు మౌనమునులని పేరు. వాళ్ళను ఎలాగైనా పలికించాలని బళ్ళు తెరిచిన జూన్‌లో ఆమె స్కూలు ట్యాబుల్లో ఒక గ్రూపు పెట్టింది. అందులో పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో ఆమెకొక్కదానికే తెలుసు. ఆమె ప్రశ్న వేస్తే పిల్లలు టైపు చేస్తారు, జవాబులు బోర్డు పక్కన తెర మీద పడతాయి. ఇంటికి పోయాక అమ్మ ఫోనులోంచి కూడా రాయవచ్చు.

మొదటివారం ఆ ఐదుగురే రాశారు. రెండోవారం తెర మీద కొత్త నంబరు కనిపించింది, పదిహేడు. "టీచర్, బోర్డు మీద మూడో లైనులో ఒక సున్నా పోయింది."

నిజంగానే పోయింది. క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వి సున్నా పెట్టింది. రాసింది గోడ పక్క బెంచీలో కూర్చునే నత్తి పిల్ల. స్కూల్లో చేరి రెండేళ్ళయినా హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తడమే తప్ప గొంతు వినిపించని పిల్ల. ఆ సున్నా తరువాత మౌనమునులు ఒక్కొక్కరే నోరు విప్పడం, అంటే వేలు విప్పడం, మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి తెర మీద జవాబులు పట్టేవి కావు. నోట్లో నాలుక లేదనుకున్న పిల్లల బుర్రల్లో ఇంత ఉందా అని ఆమె ఇంటికొచ్చి అత్తగారికి కథలు కథలుగా చెప్పేది.

కాని ఎక్కువ మాట్లాడని పిల్లలు ఎక్కువ చూస్తారు. ఈ మధ్య పదిహేడో నంబరు నుంచి పాఠానికి సంబంధం లేని మెసేజీలు టీచర్ ఒక్కదానికే రావడం మొదలైంది.

"టీచర్, మెట్ల దగ్గర గోడలో వెంట్రుకంత బీట ఉంది."

"బీట చివర గీత పెట్టాను."

"గీత దాటింది. ఫొటో పంపుతున్నాను."

"ఈరోజు మన క్లాసు తలుపు గడియ పడలేదు. నిన్న పడింది."

"గోడకు చెవి పెట్టి విన్నాను. లోపల ఇసుక జారుతోంది."

ఆ ఆఖరి మెసేజీ చదివి టీచర్ గురువారం ఫోను తీసుకుపోయి ప్రిన్సిపాల్‌కు చూపించింది.

"ఆ మూడో అంతస్తు గట్టిదని రాసిచ్చిన కాయితం మీద సంతకం నాది. అది తెలిసీ ఆయనకు చూపించావు," అన్నాడు ఇంజనీరు.

"మీ సంతకం ఉంది కాబట్టే ధైర్యంగా చూపించాను."

అతను నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు కొత్తగా ఉంది. "నీ ఉద్యోగం ఎలా వచ్చిందనుకున్నావు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నాలుగేళ్ళు ఆమె ఊళ్ళో ఉన్న స్కూళ్ళన్నీ తిరిగింది. ఈ స్కూల్లో, మూడో అంతస్తు తెరిచిన నెలలోనే, పాఠం చెప్పి చూపించమన్నారు. దారానికి తాళంచెవి కట్టి ఊపుతూ లోలకం పాఠం చెప్పింది. ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లను ఆమె రెండేళ్ళుగా ఎన్నిసార్లు తలుచుకుందో. ఇప్పుడు లెక్క కుదిరింది. ఆమె పాఠం మొదలుపెట్టకముందే ఉద్యోగం ఖాయమైంది.

ఆమె ఏడవలేదు. ఫోను తీసుకుని, తెర మీద వేలిముద్రలు కొంగుతో తుడిచింది.

"గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు నోరు కూడా వచ్చింది," అని అత్తగారు గుమ్మంలో గొణిగింది. ఎవరూ నవ్వలేదు.

అప్పటిదాకా పలకని మేస్త్రీ కుర్చీలోంచి చెయ్యి చాచాడు. "ఆ ఫొటో కాస్త పెద్దది చెయ్యమ్మా."

ఆమె చేసి ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. ఫోను తిరిగిచ్చి, కొడుకు వైపు చూడకుండా, కోడలితో, "చెప్పులేసుకో తల్లీ, చూసొద్దాం," అన్నాడు.

*

స్కూలు వాచ్‌మన్ ఒకప్పుడు మేస్త్రీ దగ్గర ఇటుకలు మోసినవాడు. సెలవురోజు ఎవరినీ రానివ్వకూడదని సణుగుతూనే గేటు తీశాడు.

మూడో అంతస్తుకు ఒకటే మెట్లదారి. పైమెట్టు ఎక్కగానే కుడిచేతి వైపు ఆ గోడ. గోడకు అవతల తొమ్మిదో తరగతి గది. బీట ఫొటోలో కన్నా పెద్దదిగా ఉంది. దాని మీద అడ్డంగా, జానెడుకొకటి చొప్పున, నోటుపుస్తకం కాయితం ముక్కలు అతికించి ఉన్నాయి. ప్రతి ముక్క మీదా తేదీ. మూడు ముక్కలూ మధ్యకు చిరిగి ఉన్నాయి.

మేస్త్రీ వంగి ఒక్కొక్కటే చదివాడు. "గోడ కదులుతోందో లేదో తెలియాలంటే ఇలాగే అతికిస్తాం. ఈ పిల్లకు ఎవరు నేర్పారు?"

ఎవరూ నేర్పలేదని టీచర్ చెప్పింది.

"నా దగ్గర పదేళ్ళు పనిచేసినవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా అతికించలేదు," అన్నాడు ఆయన. పిల్ల పేరు అడగలేదు.

వేళ్ళ కణుపులతో గోడను కింద నుంచి పైకి తట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. తరువాత ఏమీ అనకుండా రెండో అంతస్తుకు దిగాడు. సరిగ్గా ఆ గోడ కింద పొడుగాటి కంప్యూటర్ల హాలు. ఇది ఎప్పుడూ ఇంతేనా అని అడిగితే, ఇక్కడ రెండు గదులుండేవని, పైన అంతస్తు వేసినప్పుడే నడిమి గోడ తీసి హాలు చేశారని వాచ్‌మన్ చెప్పాడు.

మేస్త్రీ బల్ల మీద కుర్చీ వేయించుకుని ఎక్కాడు. డెబ్బై ఏళ్ళ మనిషి అలా ఎక్కుతుంటే కోడలు భయపడి కుర్చీ పట్టుకుంది. ఆయన పైకప్పుకు అందంగా బిగించిన తెల్ల అట్టల్లో ఒకదాన్ని పైకి నెట్టి, టార్చి వేసి, లోపలికి చెయ్యి పోనిచ్చాడు. మోచేతి దాకా పోయింది. అటూ ఇటూ తడిమాడు. చెయ్యి బయటికి తీసేసరికి దాని మీద ఇటుకపొడి తప్ప ఏమీ లేదు.

దిగి ఒక పిల్లల కుర్చీలో కూర్చున్నాడు.

"ఇక్కడి గోడ తీసినప్పుడు దాని బదులు బీము వెయ్యాలమ్మా. లేకపోతే పైగోడ దేని మీద నిలబడుతుంది?"

"ఆయన కాయితంలో బీము ఉంది మావయ్యా. నేను చూశాను."

"కాయితంలో ఉంది," అన్నాడు మేస్త్రీ. చెయ్యి కడుక్కోకుండానే గేటు వైపు నడిచాడు.

*

ఇంజనీరు వాళ్ళు వెళ్ళినప్పుడు ఎక్కడ ఉన్నాడో అక్కడే ఉన్నాడు. తండ్రి ఎదురుగా కూర్చుని, ఇటుకపొడి అంటిన చెయ్యి బల్ల మీద పెట్టాడు.

"బీము వేశారని నీకెవరు చెప్పారు?"

"ప్రిన్సిపాలే చెప్పాడు నాన్నా. ఆ పని చేసిన మేస్త్రీ కూడా వేశామన్నాడు."

"నువ్వు చూశావా?"

గోడ తీసిన వారం అతను వేరే ఊళ్ళో శ్లాబు పని మీద ఉన్నాడు. తిరిగొచ్చేసరికి అట్టలు బిగించేశారు. అవి విప్పించి చూడాలనే అనుకున్నాడు. ఆ మర్నాడే భార్యను పాఠం చెప్పడానికి పిలిచారు. ఇదంతా చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. చెప్పి ఆఖరికి, "చూడలేదు," అన్నాడు.

"కాయితం మీద గోడ నిలబడదురా."

తండ్రి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని కొడుక్కి అనిపించింది.

రేపు పొద్దున తొమ్మిదిన్నరకు పరీక్షలు మొదలవుతాయని, ఆ అంతస్తు మీద ఐదు గదుల్లో రెండు వందల మంది కూర్చుంటారని టీచర్ గుర్తుచేసింది. సెలవురోజు ఏ ఆఫీసూ తెరవరు. పిల్లలకైనా చెబుదామని ఫోను తీసి గ్రూపు కోసం వెతికింది. గ్రూపు లేదు. ఏడాదిపాటు పిల్లలు రాసిన ప్రశ్నలు, జవాబులు, పోయిన సున్నా, గోడ గురించి వచ్చిన మెసేజీలు, అన్నీ పోయాయి. అది స్కూలు పేరు మీద తెరిచిన గ్రూపు. దాని తాళాలు ప్రిన్సిపాల్ దగ్గర ఉంటాయని ఆమెకు అప్పుడు తట్టింది. ఫోనులో మిగిలింది ఆమె విడిగా దాచుకున్న ఆ ఒక్క ఫొటో.

ఆమె ఆ ఖాళీ తెర భర్తకు చూపించింది. అతను లేచి చొక్కా మార్చుకున్నాడు. ప్రిన్సిపాల్ ఇంటికే పోయి మాట్లాడతాను, నాకు ఈ ఒక్కపూట ఇవ్వండి అన్నాడు. సంగతి పైకి పోతే తన లైసెన్సు పోవడమే కాదు, జైలు కూడా తప్పదని తల్లి వింటుండగా అన్నాడు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. టీచర్ ఆ ఒక్కపూట ఇచ్చింది.

పొద్దు వాలేవేళకు అతను తిరిగొచ్చాడు. "మాట్లాడాను. ఇక భయం లేదు," అన్నాడు. గదులు మారుస్తారా అని ఆమె అడిగింది. "భయం లేదన్నాను కదా," అన్నాడు. ఆ సాయంత్రం అందరూ కలిసి భోజనానికి కూర్చున్నారు. అతను తలెత్తకుండా తిన్నాడు. మేస్త్రీ కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

*

సోమవారం ఆమె లేచేసరికే ఇంజనీరు సైటుకని వెళ్ళిపోయాడు.

మేస్త్రీ కోడలి వెంట స్కూలు దాకా వచ్చాడు. పరీక్షరోజు బయటివాళ్ళను రానివ్వొద్దని గట్టి ఆజ్ఞట. నిన్న గేటు తీసిన వాచ్‌మన్ ఇవాళ ఆయన కళ్ళలోకి చూడలేకపోయాడు. మేస్త్రీ రోడ్డుకు అవతలి వైపు నిలబడి తలెత్తి మూడో అంతస్తు చూస్తూ ఉండిపోయాడు.

నోటీసు బోర్డు మీద గదులేవీ మారలేదు. ప్రిన్సిపాల్ వరండాలోనే ఎదురయ్యాడు. నవ్వుతున్నాడు. "మీవారే వచ్చి పైన కూర్చున్నారమ్మా. కట్టడం తెలిసిన మనిషే కూర్చుంటే మనకేం భయం?"

ఆమె మెట్లెక్కింది. పైకి పోయే కొద్దీ పచ్చి రంగు వాసన. పైమెట్టు దగ్గర గోడ తెల్లగా మెరుస్తోంది. బీట లేదు. పెన్సిలు గీత లేదు. కాయితం ముక్కలు లేవు.

తొమ్మిదో తరగతి గదిలో, లోపలివైపు కూడా రంగు పూసిన ఆ గోడకు ఆనించి వేసిన కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. నీలం చొక్కా, ఒళ్ళో చేతులు. ఫొటో తీయించుకోవడానికి కూర్చోబెట్టిన మనిషిలా ఉన్నాడు. ఆమెను చూసి కళ్ళు దించుకున్నాడు. నిన్న ప్రిన్సిపాల్ ఇంట్లో ఏ బేరం కుదిరిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అప్పటికే పిల్లలు వచ్చి కూర్చున్నారు. గంట కొట్టారు. చేతిలో ఉన్న ప్రశ్నాపత్రాలు పంచడం తప్ప మరేం చెయ్యాలో ఆమెకు ఆ క్షణాన తోచలేదు. పంచింది. నలభై రెండు కలాలు కదిలాయి. ఆ చప్పుడు మధ్య ఆమె చెవి గోడ మీదే ఉంది.

అరగంట పోయాక ముగ్గురు అదనపు కాయితం అడిగారు. ఇచ్చింది. నాలుగో చెయ్యి పదిహేడో నంబరుది. దగ్గరికి పోతే, ఆ పిల్ల తాను రాస్తున్న కాయితాన్ని మెల్లగా ఇటు తిప్పింది. ట్యాబులు లేవు, ఫోన్లు లేవు. జవాబు రాయాల్సిన చోట, గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది:

"టీచర్, రంగు కింద బీట మళ్ళీ వచ్చింది. ఆ సారు తల మీదికి. ఆయన చొక్కా మీద పొడి పడుతోంది. ఆయన్ను లేవమనండి. 17."

టీచర్ తెల్లకాయితం ఒకటి బెంచీ మీద పెట్టింది, ఏమీ జరగనట్టు. పక్క బెంచీలో పిల్లకు కూడా ఒకటి ఇచ్చింది. అప్పుడు తిన్నగా నడుచుకుంటూ భర్త దగ్గరికి వెళ్ళింది. నీలం చొక్కా రెండు భుజాల మీదా తెల్లగా ఉంది. అతనికి తెలియదు. ఆమె అతని భుజం తుడిచి, అరచెయ్యి అతని కళ్ళ ముందు పెట్టింది.

అది రంగు పెచ్చులు కాదు. ఇసుక.

ఇంజనీరు దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. గుమ్మం దగ్గరికి ప్రిన్సిపాల్ వచ్చి నిలబడ్డాడు. ఏమిటని సైగ చేశాడు. ఇంజనీరు నెమ్మదిగా, కుర్చీ గోడకు తగలకుండా, లేచాడు.

"కింద బీము లేదు," అన్నాడు. "నేను చూడకుండా సంతకం పెట్టాను."

గట్టిగా అనలేదు. అయినా గదిలో కలాలన్నీ ఆగిపోయాయి.

"ఈ సంగతి మనం కింద కూర్చుని..." అని ప్రిన్సిపాల్ మొదలుపెట్టాడు.

"పిల్లలను దించాలి. ఒక్కొక్క గదీ, ఒక్కొక్కరు. మెట్ల కమ్మీ పట్టుకుని నడవాలి, పరుగెత్తకూడదు. ఒకేసారి అందరూ మెట్ల మీదికి వస్తే ఈ గోడ ఆగదు."

ప్రిన్సిపాల్ గోడ వైపు చూశాడు. నిన్న తానే దగ్గరుండి వేయించిన రంగు మీద వెంట్రుకంత గీత పైనుంచి కిందికి దిగి ఉంది. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు. మొదట నడిచాడు, తరువాత పరుగెత్తాడు.

టీచర్ కలాలు వదిలేసి లేవమంది. బెంచీలు ఈడ్చవద్దంది. పదిహేడో నంబరు లేచి, ఎవరూ చెప్పకుండానే వరసకు ఆఖరున పోయి నిలబడింది. ఇంజనీరు పైమెట్టు దగ్గర నిలబడి ఒక్కొక్క పిల్ల భుజం తట్టి పంపుతున్నాడు. ఆమె గుమ్మంలో లెక్కపెడుతోంది. ఏడు. ఎనిమిది. పిల్లలు గుడ్లప్పగించి, అడుగులో అడుగేసుకుంటూ దిగుతున్నారు. పక్క నాలుగు గదుల్లో ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడ పరీక్ష నిశ్శబ్దంగా నడుస్తోంది. అదే మంచిదని ఆమె అనుకుంది. ఈ గది ఖాళీ అయ్యాక ఆ గది, ఆ తరువాత...

పదకొండో పిల్ల మెట్టు మీద కాలు పెట్టింది.

అప్పుడు కింద గంట మొదలైంది. పరీక్ష గంట కాదు. ప్రమాదం వస్తే ఉన్నపళంగా బయటికి పరుగెత్తమని పిల్లలకు నేర్పిన ఆగని గంట. కిందికి పోయిన ప్రిన్సిపాల్ కొట్టమని చెప్పి ఉంటాడు.

వరండా పొడుగునా నాలుగు గదుల్లో బెంచీలు ఒక్కసారిగా కదిలాయి.

ఇంజనీరు వెనక్కి తిరిగి, మెట్లకు అడ్డంగా రెండు చేతులూ చాచాడు. తలుపులు తెరుచుకున్నాయి.